పదిహేను మిల్లీమీటర్లు

డాక్టర్ దినకర్‌కు ఒక మాట నోటికి రాదు. 'తక్కువ' అనే మాట.

బరువు తక్కువ, ఉమ్మనీరు తక్కువ, ఎదుగుదల తక్కువ. ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి స్కానింగ్ గదిలో రోజుకు పదిసార్లయినా అనాల్సిన మాట అది. అతను అనడు. "కొంచెం చూసుకోవాలి" అంటాడు. "వచ్చే నెలకు సర్దుకుంటుంది" అంటాడు.

దానికి అతనికో కారణం ఉంది. అది చిన్న కారణం కాదు.

గోదావరికి దగ్గరగా ఉన్న ఆ ఊళ్ళో ఆడవాళ్ళు బీడీలు చుడతారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. మూడో నెలలో అదే చాట, తొమ్మిదో నెలలోనూ అదే చాట. కడుపు పెరిగేకొద్దీ చాట కొంచెం ముందుకు జరుగుతుంది, అంతే. వాళ్ళ ఊపిరితిత్తుల మీద లేచిన మేడలు బజారు పొడుగునా ఉన్నాయి. ఆ మేడల కిందే స్కానింగ్ సెంటర్లున్నాయి. అక్కడికి వెళ్ళిన ప్రతి కడుపులోనూ ఏదో ఒకటి తక్కువే. భయపడ్డ మనిషి ఎదురు ప్రశ్న వేయదు.

"భయమే వాళ్ళ పెట్టుబడి" అంటాడు దినకర్. "వైద్యం సరుకు కాదు, హక్కు." ఈ వాక్యాలు అతను చదివిన పుస్తకాల్లోవి, హాస్టల్ గోడల మీదవి, ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచినవి. ఎక్కడివైతేనేం, అబద్ధాలు కావు.

అతనికి స్కానింగ్ నేర్పుతున్నది ఖమర్ జహాన్ మేడమ్. అరవై ఆరేళ్ళు. రిటైరయ్యాక కూడా ఆసుపత్రి అడిగితే కాదనలేక వస్తున్నారు. మాట్లాడే మనిషి కాదు.

"ఆరు నెలల్లో మేడమ్ నాకు ఇరవై వాక్యాలు చెప్పి ఉంటారు" అని దినకర్ ఆయాతో నవ్వుతూ అనేవాడు. "అందులో పన్నెండు 'మళ్ళీ కొలువు'."

"నీకు పన్నెండే పడ్డయా సారూ?" అనేది ఆయా. "నీ ముందటి డాక్టరుకు దినాం పన్నెండు పడుతుండె."

ఆ సోమవారం జమున వచ్చింది. ఇరవై మూడేళ్ళు. ముప్పై నాలుగో వారం నడుస్తోంది. పోయిన నెల ఒక్కతే వచ్చి మేడమ్‌కు చూపించుకుని వెళ్ళింది. ఈసారి వెంట తల్లి రాజవ్వ. ఇద్దరి వేళ్ళూ తంబాకుతో పసుపురంగు తేలి ఉన్నాయి.

జమునకు ఇది రెండో కాన్పు. మొదటిసారి ఏడో నెలలో బజారులోని ఒక స్కానింగ్ సెంటర్‌లో బిడ్డ తల చిన్నగా ఉందన్నారు. లోపల ఉంటే దక్కదన్నారు. ఆ రోజే కోసి తీశారు. బిడ్డ రెండు రోజులు బతికింది. తర్వాత ఎవరో పెద్ద డాక్టరు ఆ కాగితాలు చూసి చెప్పాడట: తల చిన్నది కాదు, పొడుగైనది. అడ్డంగా మాత్రమే కొలిచి చిన్నదనుకున్నారు.

దినకర్ ఆ పాత కాగితాలన్నీ చదివాడు. చదువుతుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పండుకో అక్కా" అన్నాడు.

రాజవ్వ యంత్రం వైపు అనుమానంగా చూసింది. "సారూ, గీ డబ్బ గూడ ఆ బజారుల డబ్బ లెక్కనే అబద్ధాలాడుతదా?"

"డబ్బ అబద్ధమాడదు అవ్వా. దాన్ని పట్టుకున్నోళ్ళు ఆడుతరు."

"నువ్వు మంచిగ పట్టుకో మరి."

తెర మీద బిడ్డ కనిపించింది. కూర్చుని ఉంది. తల పైన, జమున పక్కటెముకల కింద. అలా కూర్చున్న బిడ్డల తల తరచు రెండు పక్కలా నొక్కినట్టు పొడుగ్గా ఉంటుంది. ఈ బిడ్డ తలా అంతే. కోడిగుడ్డులా ఉంది.

అడ్డం కొలత తీశాడు. ముప్పై వారాల బిడ్డ అంది యంత్రం.

దినకర్ పెదవి బిగించాడు. మళ్ళీ అదే ఉచ్చు. పోయినసారి ఇక్కడే పడ్డారు వాళ్ళు. నేను పడను అనుకున్నాడు.

తల పొడుగ్గా ఉన్నప్పుడు చుట్టుకొలతే నమ్మాలి. తల చుట్టూ చుక్కల గీత గీశాడు. తెర మీద పుర్రె ఎముక తెల్లగా మెరుస్తోంది. దాని బయట పల్చటి బూడిదరంగు పొర, అది చర్మం. గీత ఎముక అంచు మీద ఆనాలి. ఆనింది. తెర మూలన అంకె పడింది. 288.

గీతను నడిపే వేలు అక్కడ ఆగలేదు. గీత కొంచెం వెడల్పయింది. 294. ఇంకొంచెం. 301. అంకె పక్కనే యంత్రం రాసింది: ముప్పై మూడు వారాలు.

అక్కడ ఆగింది.

ముప్పై నాలుగుకు ముప్పై మూడు. పరవాలేదు. బిడ్డ కడుపు కొలత కూడా కాస్త సన్నగానే వచ్చింది. బీడీలు చుట్టేవాళ్ళ బిడ్డలు సన్నగానే ఉంటారు, తల బాగుంటే చాలు అనుకున్నాడు. ఆ క్షణాన ఎవరైనా అతన్ని అడిగి ఉంటే, సరిగ్గా కొలిచానని ఒట్టేసి చెప్పేవాడు.

"తల మంచిగున్నదా సారూ?" జమున కప్పు వైపే చూస్తూ అడిగింది.

"మంచిగున్నది."

ఆమె కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి. దినకర్ చూడలేకపోయాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఇగ ఎవ్వరికీ భయపడకు అక్కా. నీ శరీరం మీద హక్కు నీది. భయపెట్టి బతికేటోళ్ళను..."

"హక్కు ముచ్చట తర్వాత జెప్పు సారూ" అంది రాజవ్వ. "తల మంచిగున్నదంటివి గద. అది ఇంకోపారి జెప్పు."

"మంచిగున్నది అవ్వా."

రాజవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. "గిట్లాంటి డాక్టరు మాకు అప్పుడెందుకు దొరకలే" అంది.

ఆ మాటతో దినకర్‌కు పొద్దంతా ఆకలి వేయలేదు.

ఒంటిగంటకు ఖమర్ జహాన్ మేడమ్ కిటికీ పక్కన కూర్చుని ఉదయం రిపోర్టులు చూస్తారు. రోజూ అంతే. ఒక్కో కాగితానికీ కుట్టిన స్కానింగ్ బొమ్మను వెలుతురుకు పట్టి చూసి పక్కన పెడతారు. జమున కాగితం దగ్గర ఆగారు. బొమ్మను వెలుతురుకు పట్టారు. దించలేదు.

"ఈ అమ్మాయి వెళ్ళిపోయిందా?"

"లేదు మేడమ్. బస్సు రెండింటికి. వరండాలో అన్నం తింటున్నారు."

"పిలువు."

"ఎందుకు మేడమ్?"

"మళ్ళీ కొలువు."

దినకర్ లేచాడు. కానీ తలుపు వైపు వెళ్ళలేదు.

"ఆమె ఇవాళే నవ్వింది మేడమ్. ఇప్పుడు మళ్ళీ పిలిస్తే ఆ నవ్వు పోతుంది. పోయినసారి భయపెట్టే కదా ఆ బిడ్డను చంపారు? తల పొడుగ్గా ఉంటే అడ్డం కొలత నమ్మొద్దని మీరే నేర్పారు. నమ్మలేదు. చుట్టుకొలత తీశాను. బాగుంది. బాగున్నదాన్ని మళ్ళీ మళ్ళీ అనుమానించడం ఆ సెంటర్ల బుద్ధి. మనం ఎవరి పక్షమో ముందు తేల్చుకోవాలి."

టీ గ్లాసులతో వచ్చిన ఆయా గుమ్మంలోనే నిలబడిపోయింది.

మేడమ్ బొమ్మను బల్ల మీద పెట్టారు. ఆమె ముఖంలో కోపం లేదు.

"తేల్చుకుందాం" అన్నారు. "పిలువు."

జమున వచ్చి పడుకుంది. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి, అన్నం మధ్యలో లేచి కడుక్కున్నది. ఆమె కాలివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. రాజవ్వ అన్నం మూటను గుండెలకు పట్టుకుని గోడకు ఆనుకుంది.

మేడమ్ ట్రేలోంచి తెల్లటి ప్లాస్టర్ చుట్ట తీశారు. గాయాలకు దూది అంటించే ప్లాస్టర్. రెండు వేళ్ళంత ముక్క కత్తిరించారు. దాన్ని తీసుకెళ్ళి తెర మూలన, అంకె పడే చోట అంటించారు. బొటనవేలితో ఒకసారి నొక్కారు.

"గా పట్టి ఎందుకమ్మా?" అంది రాజవ్వ.

"డాక్టరు చెయ్యి చూద్దామని."

"ఆయన చేతికేమైంది?"

మేడమ్ దినకర్ వైపు తిరిగి తల ఊపారు.

అతను తలను వెతికి పట్టాడు. మెదడు నట్టనడుమ గీత, దానికి రెండు పక్కలా కనిపించాల్సిన గుర్తులు ఉన్నాయి. బొమ్మను నిలిపాడు. గీత గీయడం మొదలుపెట్టాడు. వేలు కదిలింది, కదిలి ఆగింది. ఎక్కడ ఆపాలో దానికి తెలియలేదు. కన్ను మూలకు పోయింది. తెల్లటి పట్టీ. కన్ను తలకు తిరిగి వచ్చింది. మళ్ళీ మూలకు పోయింది.



"మేడమ్" అన్నాడు చివరికి. "ఎక్కడ ఆపాలి?"

"ఎముక ఉన్నచోట."

అతను ముందుకు వంగాడు. ఎముకను చూశాడు. చూస్తూ గీశాడు. బొమ్మ చెరిపేసి, కడుపు మీద ఆనించిన ప్రోబ్ ఎత్తి, మొదటి నుంచి తలను వెతికి మళ్ళీ గీశాడు. మూడోసారీ అంతే. మూడోసారికి అతని మెడ మీద చెమట పట్టింది.

మేడమ్ పట్టీని ఊడదీశారు.

286. 285. 287.

నాలుగు వారాల కిందట మేడమ్ చేత్తో రాసిన కొలత జమున కార్డు మీద ఉంది. 272. ఈ నాలుగు వారాల్లో తల ముప్పై మిల్లీమీటర్ల దాకా పెరగాలి. దినకర్ మనసులో తీసివేత చేశాడు. పద్నాలుగు.

మేడమ్ ఒక మీట నొక్కి బొడ్డుతాడును చూపించారు. అందులో పారే రక్తం తెర మీద కొండల వరుసలా కదులుతుంది. గుండె కొట్టినప్పుడు శిఖరం, రెండు దెబ్బల నడుమ లోయ. లోయలోనూ రక్తం కొద్దికొద్దిగా ముందుకు పారుతుండాలి. ఇక్కడ లోయ నేలదాకా దిగి, అక్కడే ఉండిపోతోంది. రెండు దెబ్బల నడుమ బిడ్డకు ఏమీ అందడం లేదు.

దినకర్ పొద్దున దీన్ని చూడలేదు. 301 అని రాసినవాడికి దీన్ని చూడాల్సిన అవసరం ఉండదు.

"ఈ రోజే వెళ్ళాలి" అన్నారు మేడమ్, అతనికి మాత్రమే వినపడేలా. "నెల తక్కువ బిడ్డల్ని చూసే వార్డు ఉన్నచోటికి."

"మీరు చెప్పండి మేడమ్."

మేడమ్ జమున కడుపు మీది జెల్‌ను మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు.

"కొలిచింది నువ్వు" అన్నారు.

దినకర్ రాజవ్వ ఎదుట నిలబడ్డాడు. అతను జీవితంలో చాలా సభల్లో మాట్లాడాడు.

"అవ్వా, బిడ్డ తల పెరుగుడు తక్కువున్నది. బొడ్డుతాడుల రక్తం సరిగ్గ పోతలేదు. ఇయ్యాల్నే పెద్ద దవాఖానకు పోవాలె. అక్కడ ఆపరేషన్ చేస్తరు."

రాజవ్వ గోడ వదిలి ముందుకు వచ్చింది. "పొద్దున మంచిగున్నదంటివి."

"తప్పు కొలిచిన అవ్వా."

"పొద్దున తప్పు గొలిస్తివా, ఇప్పుడు తప్పు గొలిస్తివా? మాకెట్ల ఎర్క?"

దినకర్ కార్డు చాపాడు. ఆమె దాని వైపు చూడలేదు.

"ఆ బజారోడు గూడ గిట్లనే నిలవడి జెప్పిండు" అంది రాజవ్వ. ఆమె గొంతు పెరగలేదు, అదే భయంకరంగా ఉంది. "గీ మాటలే. తల పెరుగలేదు, ఇయ్యాల్నే పోవాలె, కొయ్యాలె. నువ్వు వేరే అనుకుంటి సారూ. నిన్ను చూసి పొద్దున దేవునికి మొక్కుకుంటి." అన్నం మూటను ముడి బిగించింది. "లే బిడ్డా. బస్సు వస్తది."

జమున లేచి కూర్చుంది. దిగలేదు.

"సారూ" అంది. "పోతే బతుకుతదా?"

దినకర్ నోరు తెరిచాడు. అతని దగ్గర వాక్యాలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి వెనక్కు పోయింది.

"తెల్వదు అక్కా" అన్నాడు.

స్టూలు లాక్కుని ఆమె ఎదుట కూర్చున్నాడు.

"లోపల ఇట్లనే ఉంటే బతకదేమోనని భయమైతంది. అక్కడ పుట్టినంక చూసేటోళ్ళున్నరు. బతుకుతదని మాత్రం నేను చెప్పలేను. నాకు తెల్వదు."

జమున అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తల్లి వైపు తిరిగింది.

"పోయినసారి వాళ్ళు తెలుసన్నరవ్వా" అంది. "అన్నీ తెలుసన్నరు."

బల్ల దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"సంచి తీస్కో. పోదాం. బస్సుకు గాదు."

నూట ఎనిమిది బండి వచ్చింది. దినకర్ కూడా ఎక్కాడు. ఎవరూ ఎక్కమనలేదు, దిగమనలేదు. గంటన్నర దారి. జమున ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కడుపు మీద చెయ్యి తీయకుండా ఉంది. బిడ్డ కదిలినప్పుడల్లా ఒక వేలు ఎత్తి చూపించేది. దినకర్ లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి లేచిన వేలు మళ్ళీ లేవడానికి ఆలస్యమైనప్పుడు అతను రోడ్డు వైపు చూసేవాడు.

సగం దారిలో రాజవ్వ మొదటిసారి మాట్లాడింది.

"మీ అమ్మ ఏం పని జేస్తది సారూ?"

"బీడీలు చేసేది అవ్వా. ఇప్పుడు కండ్లు కనవడ్తలేవు, బంద్ చేసింది."

రాజవ్వ తల పంకించింది.

"గందుకే పొద్దున అబద్ధం జెప్పినవు."

"అబద్ధం కాదవ్వా. తప్పు."

"అయితే తియ్" అని ఆమె కూతురి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

మర్నాడు ఉదయం దినకర్ అదే చొక్కాతో తిరిగి వచ్చాడు. వరండాలో ఆడవాళ్ళు అప్పటికే బారుతీరి కూర్చున్నారు. లోపల మేడమ్ ఒక్కరే ఉన్నారు.

"ఆడపిల్ల మేడమ్. కిలో నాలుగు వందలు. బయటికి తీయగానే ఏడ్వలేదు. కొంచెంసేపటికి ఏడ్చింది. అద్దాల పెట్టెలో పెట్టారు. వారం గడిస్తేగానీ ఏమీ చెప్పలేమన్నారు."

"తల?"

"నర్సు టేపుతో కొలిచింది. నేను పక్కనే ఉన్నాను. ఇరవై ఎనిమిదిన్నర సెంటీమీటర్లు."

మేడమ్ తల ఊపారు. వెళ్ళి ముఖం కడుక్కుని రమ్మన్నట్టు కుళాయి వైపు చూశారు.

దినకర్ కదల్లేదు. స్టూలు మీద కూర్చున్నాడు.

"రాజవ్వ దాన్ని అబద్ధం అంది మేడమ్. నేను అబద్ధం రాయలేదు. కావాలని ఏదీ పెంచలేదు. ఎముక నాకు కనిపిస్తూనే ఉంది." తెర వైపు చూశాడు. "ఆ పదిహేను మిల్లీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?"

బయట ఆయా మొదటి పేరు పిలిచింది. ఎవరో గోడ పట్టుకుని బరువుగా లేచిన చప్పుడు వినిపించింది.

మేడమ్ అతని వైపు చూశారు.

"నీ దయలోంచి, బేటా" అన్నారు.